చదివితేనే తెలిసిపోయే బలహీనత

2012లో 'సైన్స్' పత్రిక ఒక చిత్రమైన ఫలితాన్ని ప్రచురించింది. ఫ్రెంచి శిల్పి రోడాన్ మలచిన 'ఆలోచనాపరుడు' శిల్పం ఫొటోను కొందరు విద్యార్థులకు, చక్రం విసిరే క్రీడాకారుడి ప్రాచీన శిల్పం ఫొటోను మరికొందరికి చూపించారు. ఆ తర్వాత, దేవుడి మీద మీకు నమ్మకం ఎంత అని అడిగారు. గడ్డం కింద చెయ్యి ఆనించి ఆలోచిస్తున్న మనిషిని చూసినవారిలో నమ్మకం తక్కువగా కనిపించింది. విశ్లేషణాత్మక ఆలోచన మతవిశ్వాసాన్ని సడలిస్తుందన్న వాదానికి ఆ పత్రం దీన్నొక ఆధారంగా చూపింది. ఈ ప్రయోగంలో పాల్గొన్నది మొత్తం 57 మంది.

2018లో ఒక పెద్ద పునఃపరిశీలన వెలువడింది. 2010 నుంచి 2015 వరకు 'నేచర్', 'సైన్స్' పత్రికల్లో వచ్చిన 21 సామాజిక శాస్త్ర ప్రయోగాలను సగటున ఐదు రెట్లు పెద్ద నమూనాలతో మళ్లీ చేశారు. 13 నిలిచాయి, 8 నిలవలేదు. నిలవనివాటిలో రోడాన్ శిల్పం ప్రయోగం ఒకటి. దాని రచయితల్లో ఒకరు తమ ప్రయోగం మొదటినుంచీ పసలేనిదేనని తర్వాత బాహాటంగానే ఒప్పుకున్నారు.

ఎనిమిది వీగిపోవడం కన్నా ఆశ్చర్యకరమైన విషయం అదే అధ్యయనంలో ఉంది. ప్రయోగాలను మళ్లీ చేయడానికి ముందే, ఏది నిలుస్తుందో ఏది నిలవదో చెప్పమని ఇతర పరిశోధకులను అడిగారు. వాళ్ల అంచనాల సగటు ప్రకారం నిలవాల్సినవి 63 శాతం. నిజంగా నిలిచినవి 62 శాతం. ఒక్కో ప్రయోగాన్ని విడిగా చూసినా 21లో 18 విషయాల్లో వాళ్ల మొగ్గు సరిపోయింది. వాళ్లకు ప్రయోగశాలల లోపలి సమాచారమేమీ లేదు. చేతిలో ఉన్నదల్లా ప్రచురితమైన పత్రాలు, మళ్లీ ఎలా చేయబోతున్నారన్న ప్రణాళిక. అంటే ఆ బలహీనత ఎక్కడో దాగి లేదు, పత్రంలోనే ఉంది. అలాంటప్పుడు ప్రపంచంలో అత్యంత కఠినమైన వడపోత తమదని చెప్పుకునే పత్రికల సమీక్షకులు, అంటే ప్రచురణకు ముందు పత్రాన్ని పరిశీలించే నిపుణులు, దాన్ని ఎందుకు పట్టుకోలేదన్నదే అసలు ప్రశ్న.

ఇలాంటి అంచనాలు సేకరించే పద్ధతి స్థూలంగా ఇలా ఉంటుంది. ప్రతి ప్రయోగానికి ఒక 'వాటా' తయారు చేస్తారు. ప్రయోగం నిలిస్తే ఆ వాటా విలువ ఒక డాలరు, నిలవకపోతే సున్నా. పాల్గొనే పరిశోధకులకు నిర్వాహకులే కొంత సొమ్ము ఇస్తారు. నిలుస్తుందని నమ్మినవాళ్లు వాటా కొంటారు, నమ్మనివాళ్లు అమ్ముతారు. ధర 80 సెంట్ల దగ్గర ఆగితే, నిలిచే అవకాశం 80 శాతమని ఆ గుంపు అనుకుంటోందన్నమాట. ఇలాంటి అంచనాల మార్కెట్‌ను మనస్తత్వశాస్త్ర ప్రయోగాల మీద నడిపిన అధ్యయనం 2015లో వెలువడింది. అందులో ఫలితం తేలిన 41 ప్రయోగాల్లో మార్కెట్ 71 శాతం సరిగ్గా చెప్పింది. అదే మనుషులను పందెం లేకుండా విడివిడిగా అడిగినప్పుడు వచ్చిన జవాబులు 58 శాతమే సరిపోయాయి. డబ్బు కట్టినప్పుడే బుర్ర పనిచేస్తుందని అప్పట్లో చాలామంది తీర్మానించారు. 2018 అధ్యయనంలో ఆ తీర్మానం నిలవలేదు. అక్కడ మామూలు ప్రశ్నావళి సగటు కూడా 61 శాతం దగ్గరే తేలింది, మార్కెట్ చెప్పినదానికి పెద్ద తేడా లేదు. కాబట్టి ఇందులో పందెం మహిమ కన్నా 'ఇది మళ్లీ చేస్తే వస్తుందా?' అన్న ప్రశ్నను సూటిగా అడగడం వల్ల వచ్చిందే ఎక్కువ.

ఆ ప్రశ్న ఎంత అవసరమో 2015లోనే తేలింది. ఆ ఏడాది 270 మంది పరిశోధకులు కలిసి, మనస్తత్వశాస్త్ర పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి ఫలితాలు ప్రకటించారు. మొదటిసారి వాటిలో 97 శాతం గణాంకపరంగా చెప్పుకోదగ్గ ఫలితం చూపించాయి. రెండోసారి అలా చూపించినవి 36 శాతమే. కనిపించిన ప్రభావం కూడా సగటున సగానికి పడిపోయింది. ఆర్థికశాస్త్రంలోని 18 ప్రయోగశాల అధ్యయనాలతో 2016లో ఇలాగే చేస్తే 11 నిలిచాయి.

వీగిపోయేవాటిని పట్టించే గుర్తులేమిటి? మొట్టమొదటిది పీ-విలువ. అసలు ఏ ప్రభావమూ లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా, లేదా ఇంతకన్నా పెద్ద తేడా, కనిపించే సంభావ్యత అది. 0.05 కన్నా తక్కువైతే ఫలితాన్ని ప్రచురణకు అర్హమైనదిగా చూడటం ఆనవాయితీ. పత్రం చదివేవారు చాలామంది ఫలితం ఆ 0.05 గీత దాటిందా లేదా అన్నది చూసి ముందుకు వెళ్లిపోతారు. ఎంత దూరం దాటిందన్నదే చూడాల్సిన సంగతి. 2015 నాటి వందలో, మొదటిసారి పీ-విలువ 0.001 కన్నా తక్కువ వచ్చినవి 32 ఉంటే అందులో 20 మళ్లీ నిలిచాయి. 0.04 కన్నా ఎక్కువతో, అంటే గీతను ఆనుకుని బయటపడ్డవి 11 ఉంటే నిలిచినవి 2.

దీని వెనకున్న లెక్క పెద్ద కష్టమైనదేమీ కాదు. ఒక ప్రయోగంలో పీ-విలువ సరిగ్గా 0.05 వచ్చిందనుకుందాం. అందులో కనిపించిన ప్రభావమే నిజమైన ప్రభావమని ఉదారంగా ఒప్పేసుకుందాం. అంతే మందితో మళ్లీ చేస్తే గీత దాటే అవకాశం దాదాపు సగమే, ఎందుకంటే రెండోసారి వచ్చే విలువ మొదటిదానికి అటో ఇటో పడే అవకాశాలు సమానం. 80 శాతం భరోసా కావాలంటే మనుషుల సంఖ్య రెట్టింపు కావాలి. పైగా ఆ ఉదారత నిజానికి చెల్లదు. చిన్న నమూనాల్లో గీత దాటేవి ప్రభావం అదృష్టవశాత్తూ ఉబ్బి కనిపించినవే. ఉబ్బనివి ప్రచురణ దాకా రావు. నిజమైన ప్రభావం కనిపించినదానిలో సగమే అయితే, ఆ 80 శాతం భరోసాకు మొదటి ప్రయోగం కన్నా దాదాపు ఎనిమిది రెట్ల మంది కావాలి. 2018 బృందం అంతంత పెద్ద నమూనాలు తీసుకున్నది ఇందుకే.

రెండో గుర్తు ఫలితం ఎంత నమ్మశక్యంగా ఉందన్నది. ఇక్కడ పరిశోధకులకు ఒక మొహమాటం ఉంటుంది. 'నాకు నమ్మబుద్ధి కావడం లేదు' అనడం శాస్త్రీయం కాదని వాళ్ల అనుమానం. లెక్క మాత్రం ఆ అపనమ్మకం పక్షాన ఉంది. ఒక రంగంలో వెయ్యి ఊహలను పరీక్షించారనుకుందాం. అవి వినగానే 'అవునా!' అనిపించే తరహా ఊహలు, వాటిలో నిజమైనవి వంద. ప్రయోగాలు చిన్నవి కాబట్టి నిజమైన వందలో 40 మాత్రమే గీత దాటాయి. తప్పుడు ఊహలు 900. వాటిలో 5 శాతం, అంటే 45, కాకతాళీయంగానే గీత దాటాయి. పత్రికల్లోకి చేరిన 85 ఫలితాల్లో సగానికి పైగా తప్పు. ఇందులో ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ లెక్క తప్పలేదు. అదే వెయ్యిలో 500 నిజమయ్యేంత నమ్మదగ్గ ఊహలైతే, అవే చిన్న ప్రయోగాలతోనూ 200 నిజమైన ఫలితాలకు 25 తప్పుడువి మాత్రమే వస్తాయి. 2015 నాటి వందలోనూ, మొదటి ఫలితం ఎంత ఆశ్చర్యకరంగా ఉంటే అది నిలిచే అవకాశం అంత తగ్గింది.

మూడోది వాదం ఎంత మెలిక తిరిగిందన్నది. 'ఇది చేస్తే అది పెరుగుతుంది' అన్నది సూటి వాదం. 'ఇది చేస్తే అది పెరుగుతుంది, కానీ ఫలానా లక్షణం ఉన్నవారిలోనే, అదీ ఫలానా పరిస్థితిలోనే' అన్నది మెలిక. 2015లో సూటి ప్రభావాలు 49లో 23 నిలిస్తే, మెలిక ప్రభావాలు 37లో 8 నిలిచాయి. మెలికను నమ్మకంగా పట్టుకోవాలంటే చాలా పెద్ద నమూనా కావాలి, సాధారణంగా అంత మందిని ఎవరూ తీసుకోరు. ఇంకో చేదు నిజమేమిటంటే, అనుకున్న సూటి ఫలితం రానప్పుడు దత్తాంశాలను ముక్కలు చేసి చూస్తూ పోతే ఏదో ఒక మెలిక ఎప్పుడూ దొరుకుతుంది. 2011లో ముగ్గురు పరిశోధకులు దీన్ని కంప్యూటర్ మీద అనుకరించి చూపించారు. ఏ కొలతను చూపాలి, ఇంకొందరిని చేర్చాలా, ఏ సమూహాన్ని వదిలేయాలి, స్త్రీ పురుషులను విడిగా లెక్కించాలా అన్న నాలుగు స్వేచ్ఛలను పరిశోధకుడికి ఇస్తే చాలు, 5 శాతం ఉండాల్సిన తప్పుడు ఫలితాల వాటా 61 శాతానికి ఎగబాకుతుంది. ఆ నాలుగూ అప్పట్లో అందరూ నిత్యం చేసేవే.

ఇంకో గుర్తు మరీ ముచ్చటైనది, ఎందుకంటే చూడటానికి అది బలంలా ఉంటుంది. ఒకే పత్రంలో నాలుగు ప్రయోగాలు, నాలుగూ విజయవంతం, నాలుగు పీ-విలువలూ 0.01కి 0.05కి మధ్యనే. నాలుగుసార్లు రుజువైంది కదా అని పాఠకుడు తృప్తి పడతాడు. ప్రతి ప్రయోగానికీ విజయావకాశం 80 శాతం ఉన్నా, నాలుగూ వరసగా గెలిచే అవకాశం 41 శాతమే. గెలిచిన ప్రయోగం పీ-విలువ ఆ ఇరుకు సందులోనే పడే అవకాశం దాదాపు నాలుగో వంతు, మిగతావి 0.01 కన్నా కిందికి వెళ్తాయి. గెలిచిన నాలుగూ ఆ సందులోనే పడే అవకాశం వెయ్యికి ఐదు. అలాంటి పత్రం కనిపించినప్పుడు, ప్రచురించని ప్రయోగాలు సొరుగులో ఎన్ని ఉన్నాయోనని అనుమానించడం అమర్యాద కాదు.

ఈ గుర్తులు పట్టడానికి డాక్టరేట్ అవసరమా? 2020లో ఒక అధ్యయనం, మనస్తత్వశాస్త్రంలో పరిశోధన పట్టా లేని 233 మందికి 27 అధ్యయనాల గురించి మామూలు మాటల్లో చెప్పి, ఏవి నిలుస్తాయని అడిగింది. వర్ణన మాత్రమే చదివినవారు 59 శాతం సరిగ్గా చెప్పారు. ఆధారం ఎంత బలంగా ఉందన్న ఒక్క ముక్క అదనంగా చెప్పినప్పుడు అది 67 శాతానికి పెరిగింది. యంత్రాలూ దాదాపు ఇక్కడికే చేరాయి. నమూనా పరిమాణం, ప్రభావ పరిమాణం, వాదంలో మెలిక ఉందా లేదా వంటి వివరాలతో 2019లో తయారు చేసిన కంప్యూటర్ పద్ధతి ఒకటి 70 శాతం సరిగ్గా చెప్పింది. పత్రంలోని అంకెలను కాకుండా దాని భాషను చదివి అంచనా వేసే పద్ధతులు ఆ తర్వాత వచ్చాయి. అలాంటి పద్ధతితో మనస్తత్వశాస్త్రంలోని 14,000కు పైగా పత్రాలను జల్లించిన 2023 నాటి అధ్యయనంలో తేలిన సంగతి ఒకటి విలేకరులు గోడకు అంటించుకోదగ్గది. ప్రచార మాధ్యమాల్లో ఎక్కువగా నానిన పత్రాలు నిలిచే అవకాశం తక్కువ. రచయితల విశ్వవిద్యాలయం ఎంత పేరున్నదన్నది మాత్రం అంచనాకు పనికిరాలేదు.

ఇంత తేలికగా కనిపించేది సమీక్షకులకు కనిపించలేదా అంటే, కనిపించలేదని నమ్మడం కష్టం. మార్కెట్‌లో కొన్నవారూ అమ్మినవారూ, పత్రికలకు సమీక్షలు రాసేవారూ ఒకే వర్గం మనుషులు, చాలాసార్లు అక్షరాలా వాళ్లే. మారినది అడిగిన ప్రశ్న. సమీక్షకుణ్ణి అడిగేది ఇందులో కొత్తదనం ఉందా, మా పాఠకులకు ఆసక్తి కలుగుతుందా, పద్ధతిలో పెద్ద లోపం ఉందా అని. ఇది వంద మందికి బదులు వెయ్యి మందితో చేస్తే వస్తుందా, ఎంత శాతం నమ్మకంతో చెబుతావు అని ఎవరూ అడగరు. ఒకవేళ తనంత తానే చెప్పినా, అది తప్పని పదేళ్ల తర్వాత తేలినా, ఆయన ఖాతాలో పడేదీ పోయేదీ ఏమీ లేదు. ఆశ్చర్యకరమైన ఫలితానికి పత్రిక పెద్దపీట వేస్తుంది. అదే ఆశ్చర్యం అది తప్పయ్యే అవకాశాన్ని పెంచుతుంది. ఈ రెండూ ఒకే బల్ల మీదికి వచ్చినా ఒకదాన్ని మాత్రమే లెక్కించే ఏర్పాటు అది.

ప్రచురణ తర్వాతైనా సర్దుబాటు జరుగుతుందా అంటే, అదీ లేదు. మళ్లీ చేసి చూసిన ప్రయోగాల మీద 2021లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం, నిలవని పత్రాలను ఇతర పరిశోధకులు నిలిచినవాటి కన్నా సగటున 153 సార్లు ఎక్కువగా ఉటంకించారు. నిలవలేదని బహిరంగంగా తేలాక కూడా ఆ ధోరణి మారలేదు. తర్వాతి ఉటంకింపుల్లో ఆ వైఫల్యాన్ని ప్రస్తావించినవి 12 శాతమే. ఉటంకింపుల సంఖ్యను నాణ్యతకు కొలమానంగా వాడే నియామక సంఘాలు ఈ అంకెను ఓసారి చూడటం మంచిది.

ఈ అంచనాలకూ హద్దులున్నాయి. మొదటిది, అసలు 'నిలవడం' అంటే ఏమిటన్నది. 2015 నాటి వందనే వేర్వేరు కొలతలతో చూడవచ్చు. రెండోసారి పీ-విలువ గీత దాటాలంటే 36 శాతం. మొదటి ప్రభావం రెండోదాని విశ్వాస అంతరంలో, అంటే నిజమైన విలువ ఉండొచ్చని లెక్కగట్టిన పరిధిలో, పడాలంటే 47 శాతం. రెండు ప్రయోగాల దత్తాంశాలనూ కలిపి చూస్తే 68 శాతం. ఈ చివరి అంకెను పట్టుకుని అంతా బాగానే ఉందన్నవారూ ఉన్నారు. కానీ ఉబ్బిన మొదటి ఫలితాన్ని లోపలే ఉంచుకుని తీసిన సగటు అది. మరో వాదం దేశాలూ మనుషులూ వేరు కాబట్టే ఫలితం మారిందన్నది. దాన్ని 2018లో 36 దేశాలు, భూభాగాల నుంచి 15,000 మందికి పైగా పాల్గొన్న మరో ప్రాజెక్టు పరీక్షించింది. 28 ప్రభావాల్లో సుమారు సగం నిలిచాయి. నిలిచినవి దాదాపు అన్నిచోట్లా నిలిచాయి, వీగినవి దాదాపు అన్నిచోట్లా వీగాయి. స్థలభేదం అనే సాకు పూర్తిగా చెల్లదని కాదు, దాన్ని వాడినంత తరచుగా చెల్లదు.

అంతకన్నా గట్టి హద్దు వేరే ఉంది. కల్పించిన అంకెలను అంచనాదారులు పసిగట్టలేరు. దరఖాస్తు ఫారం అడుగున కాకుండా పైభాగాన సంతకం చేయిస్తే మనుషులు నిజాయతీగా వివరాలు నింపుతారన్న 2012 నాటి ఫలితం ప్రభుత్వ కార్యాలయాల దాకా పాకింది. 2020లో ఆ రచయితలే మళ్లీ చేస్తే అది నిలవలేదు. మరుసటి ఏడాది, అందులోని వాహన బీమా దత్తాంశాలు కల్పితమని బయటి విశ్లేషకులు చూపించారు, పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ క్షేత్ర ప్రయోగం నమూనా పెద్దది, పీ-విలువ చాలా చిన్నది. మనం చూసిన గుర్తుల ప్రకారం దానికి మంచి మార్కులే పడతాయి. ఎవరైనా అంకెలు కల్పించాలనుకుంటే గీతను ఆనుకుని కల్పించరు కదా.

మళ్లీ వచ్చిన ప్రతి ఫలితమూ నిజమని కూడా కాదు. ప్రశ్నావళిలోని ఒకే పక్షపాతం రెండుసార్లూ ఒకే తప్పును ఇవ్వగలదు. కార్యకారణ సంబంధం లేకుండా రెండు విషయాలు కలిసి కనిపించే పొత్తు లక్ష మందిలోనూ అంతే అందంగా కనిపిస్తుంది. మంచి పద్ధతులు పాటిస్తే ఫలితాలు ఎక్కువగా నిలుస్తాయని 2023లో వచ్చిన ఒక పత్రాన్ని మరుసటి ఏడాది పత్రికే ఉపసంహరించింది. ముందస్తు నమోదు (ఏం పరీక్షిస్తారో, ఎలా విశ్లేషిస్తారో ముందే రాసిపెట్టడం) గురించి రచయితలు చెప్పిన మాటలే ఆధారాలతో సరిపోలకపోవడం అందుకు ఒక కారణం. ఈ రంగంలో ఎవరూ తమను తాము మినహాయించుకోలేరు.

అంచనాలను అధికారికంగా వాడే ప్రయత్నాలు మొదలయ్యాయి. అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ దార్పా 2019లో చేపట్టిన ఒక కార్యక్రమం సామాజిక శాస్త్రాల్లోని వేల వాదాలకు మనుషులతోనూ యంత్రాలతోనూ నమ్మకపు అంకెలు వేయించడానికి ఉద్దేశించినది. అలాంటి అంకె మీద నిధులు, ఉద్యోగాలు ఆధారపడటం మొదలైతే పత్రాలు రాసే తీరూ దానికి తగ్గట్టు మారుతుంది. 0.04లు మాయమై 0.004లు పెరుగుతాయి, వాటన్నిటి వెనకా పెద్ద నమూనాలే ఉంటాయని చెప్పలేం. ఈ ఎత్తులకు యంత్రం తేలికగా లొంగుతుంది, ఎందుకంటే అది నేర్చుకున్నది పాత పత్రాల అలవాట్లను.

అంచనా బాగా పనికొచ్చే చోటు ఫలితం రాకముందు ఉంది. దత్తాంశాలు సేకరించకముందే ప్రశ్నను, పద్ధతిని సమీక్షించి, ఫలితం ఏదైనా ప్రచురిస్తామని పత్రిక మాట ఇచ్చే విధానం ఒకటి కొన్నేళ్లుగా ఉంది. 2021లో పోల్చి చూస్తే, మామూలు మనస్తత్వశాస్త్ర పత్రాల్లో 96 శాతం తమ మొదటి ఊహ నెగ్గిందని చెప్పాయి, ఈ విధానంలో వచ్చినవాటిలో 44 శాతమే చెప్పాయి. అక్కడ సమీక్షకుడి స్థితి మార్కెట్‌లో వాటా కొనేవాడి స్థితికి చాలా దగ్గర. అబ్బురపరచడానికి ఫలితం ఇంకా పుట్టలేదు, చూడటానికి నమూనా పరిమాణం, ఊహ బలం మాత్రమే ఉన్నాయి.

ఇప్పటికే అచ్చైనవాటి విషయంలో డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో ధరే చెప్పగలదు. 95 సెంట్ల అధ్యయనాన్ని మళ్లీ చేస్తే కొత్తగా తెలిసేది కొద్దే, 5 సెంట్లదీ అంతే. 50 సెంట్ల దగ్గర తచ్చాడుతూ, దాని మీద పాఠశాల కార్యక్రమమో పన్ను విధానమో నిలబెట్టబోతున్న అధ్యయనానికి ముందు వంతు ఇవ్వాలి. దాంతోపాటు ధరతో సంబంధం లేకుండా చీటీ తీసి ఎంచిన కొన్నింటినీ ప్రతి ఏడాదీ మళ్లీ చేయాలి. ఏది పరీక్షకు వస్తుందో ముందే తెలిస్తే, మిగతావాటికి చెప్పే ధరను సరిచూసే మార్గం ఉండదు.